నీటి పైతలముపై మూడు ఉదజనులు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మాదాపూరు, జూబిలీహిల్సుల నడుమ దుర్గం చెరువు ఉన్నది. కుతుబ్‌షాహీల కాలములో గోలకొండ కోటకు త్రాగునీరు ఇచ్చిన చెరువు ఇది. 1998లో దీనికి సమీపముననే సైబర్ టవర్స్ భవనము వెలసినది. ఆ ప్రాంతమునకు హైటెక్ సిటీ అను పేరు స్థిరపడినది. 2020లో చెరువు మీదుగా తీగల వంతెన కూడ వచ్చినది. చుట్టుప్రక్కల ఎన్ని మార్పులు వచ్చినా చెరువు చేసే ఒక పని మాత్రము మారలేదు. ప్రతి దినమూ దాని పైతలము నుండి కొంత నీరు ఆవిరియై గాలిలో కలిసిపోవుచున్నది.

ఇట్లు పోయిన నీరూ, చెరువులో మిగిలిన నీరూ ఒకే విధముగా ఉండునా? నీరు పోయి ఉప్పు మిగులునని అందరికీ తెలుసు. ఉప్పు సంగతి ప్రక్కన పెట్టి వట్టి నీటినే తీసుకొన్నా ఈ రెండింటికీ భేదము ఉన్నది. ఆవిరిలో తేలిక నీటి పాలు ఎక్కువ. మిగిలినదానిలో బరువు నీటి పాలు ఎక్కువ. ఈ భేదము కంటికి గాని నాలుకకు గాని అందనంత స్వల్పము. అయినను దానిని కొలవనేర్చిన తరువాత, దక్కను పీఠభూమిలోని బావులకు నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో, ఎంత వచ్చుచున్నదో తెలిసికొనుటకు ఒక నమ్మకమైన దారి దొరికినది. ఆ దారి ఎట్లు ఏర్పడినదో చూతము.

ఒకే పేరు, మూడు బరువులు

హైడ్రొజనుకు తెలుగులో ఉదజని అని పేరు. అనగా నీటిని పుట్టించునది. ప్రతి ఉదజని పరమాణువు కేంద్రకములోను ఒక ప్రోటాను ఉండును. సామాన్య ఉదజనిలో అది తప్ప మరేమియు లేదు. కొన్ని పరమాణువులలో ప్రోటానుతోపాటు ఒక న్యూట్రాను కూడ ఉండును; దీనికి డ్యుటీరియము అని పేరు. న్యూట్రానులు రెండుంటే అది ట్రీషియము. మూడింటికీ రసాయన ధర్మములు ఇంచుమించు ఒకటే. బరువులు మాత్రము ఒకటి, రెండు, మూడు. ఒకే మూలకమునకు చెంది బరువులో భేదించే ఇట్టి పరమాణువులను సమస్థానీయములు లేక ఐసోటోపులు అంటారు.

ఇతర మూలకములకు కూడ సమస్థానీయములు కలవు. కాని వాటి బరువులలో భేదము సాధారణముగా కొద్ది శాతము మాత్రమే. ఉదజనిలో మొదటిదానికి రెండవది రెట్టింపు బరువు. అందుచేతనే నీటిలో జరిగే ప్రతి మార్పులోను ఈ అన్నదమ్ముల నడక వేరువేరుగా ఉండును.

సముద్రజలములో ప్రతి పది లక్షల ఉదజని పరమాణువులకు సుమారు 156 డ్యుటీరియములు ఉన్నవి. నీటి అణువులో ఉదజనులు రెండు కనుక, లెక్క వేసి చూస్తే సుమారు 3,200 నీటి అణువులకు ఒకటి చొప్పున ఒక సామాన్య ఉదజని, ఒక డ్యుటీరియము గల మిశ్రమ అణువులు ఉండును. ఆమ్లజనికి కూడ బరువైన సమస్థానీయము ఒకటి ఉన్నది. దాని భారము 16కు బదులు 18. నీటిలో సుమారు 500 అణువులకు ఒకటి అట్టిది. ఈ కథలో ఆమ్లజని ఉదజనికి తోడు సాక్షిగా వచ్చును.

ఆవిరి కాగా మిగిలినది

డ్యుటీరియము కనుగొన్న కథకు మూలము కూడ ఒక ద్రవపు పైతలమే. బరువైన ఉదజని ఒకటి ఉండవలెనని 1931 నాటికి కొందరు శాస్త్రజ్ఞులు ఊహించినారు. అది నిజముగా ఉంటే ద్రవ ఉదజని ఆవిరి అగునప్పుడు తేలికది ముందు పోయి, బరువైనది వెనుక మిగలవలెనని అమెరికా దేశమునందలి కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెరాల్డ్ యూరే లెక్క కట్టినాడు. వాషింగ్టనులోని ప్రమాణముల సంస్థలో పనిచేసే బ్రిక్‌వెడ్డె కొన్ని లీటర్ల ద్రవ ఉదజనిని సుమారు −259 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మెల్లగా ఆవిరి కానిచ్చి, చివర మిగిలిన కొద్దిపాటి వాయువును యూరేకు పంపినాడు. ఆ వాయువు వర్ణపటములో సామాన్య ఉదజని రేఖల ప్రక్కన, లెక్క ప్రకారము ఉండవలసిన చోటనే, కొత్త రేఖలు కనిపించినవి. యూరే, బ్రిక్‌వెడ్డె, మర్ఫీలు ఈ సంగతిని 1932లో ప్రకటించినారు. 1934లో యూరేకు రసాయనశాస్త్రములో నోబెల్ బహుమానము లభించినది.

1932లోనే వాష్‌బర్న్, యూరేలు మరొక విశేషము గమనించినారు. చాలాకాలముగా విద్యుద్విశ్లేషణ జరుగుచున్న తొట్లలోని పాత నీటిలో డ్యుటీరియము పాలు పెరిగి ఉన్నది. ఈ దారినే పట్టుకొని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన గిల్బర్ట్ లూయిస్ 1933లో ఇంచుమించు శుద్ధమైన భారజలమును తయారుచేసినాడు. భారజలము సామాన్యజలము కంటె సుమారు 11 శాతము బరువైనది. అది 3.8 డిగ్రీల వద్దనే గడ్డకట్టును, 101.4 డిగ్రీల వద్ద గాని మరుగదు. ఈ చివరి అంకె గమనింపదగినది. నీటిని విడిచి గాలిలోనికి పోవుటకు డ్యుటీరియము ఎంత అయిష్టము చూపునో అది తెలుపుచున్నది.

పైతలము చేసే వడపోత

ఈ అయిష్టమునకు బరువు ఒక్కటే కారణము కాదు. నీటిలో ప్రతి అణువును ఇరుగుపొరుగు అణువులతో ఉదజని బంధములు కట్టివేసి ఉంచును. పరమాణువులు ఎంత చలిలోనైనా పూర్తిగా నిశ్చలముగా ఉండవని, కొంత కంపనము వాటికి విడదీయరాని గుణమని క్వాంటం సిద్ధాంతము చెప్పుచున్నది. తేలికైన పరమాణువుకు ఈ కంపనము ఎక్కువ, బరువైనదానికి తక్కువ. కంపనము తక్కువైన డ్యుటీరియము బంధములో కుదురుగా కూర్చుండును. దానిని విడిపించుటకు కొంచెము ఎక్కువ శక్తి కావలెను.

అందుచేత మూతపెట్టిన పాత్రలో 25 డిగ్రీల వద్ద నీటికి, దానిపై ఆవిరికి సమతుల్యము ఏర్పడినప్పుడు, ఆవిరిలో డ్యుటీరియము పాలు నీటిలో కంటె సుమారు 7 శాతము తక్కువగా ఉండును. బరువు ఆమ్లజని విషయములో ఈ లోటు సుమారు 1 శాతము మాత్రమే. వేడి పెరిగినకొద్దీ భేదము తగ్గును. 100 డిగ్రీల వద్ద డ్యుటీరియమునకు 3 శాతమైనా ఉండదు. పీడనము క్రింద నీటిని 220, 230 డిగ్రీల ప్రాంతమునకు వేడిచేస్తే భేదము పూర్తిగా పోయి, అటుపైన తలక్రిందులగును కూడ.

చెరువు మూతపెట్టిన పాత్ర కాదు. దాని పైతలమునకు ఆనుకొని పలుచని గాలిపొర ఒకటి ఉండును. నీటిని విడిచిన అణువులు ఈ పొరను దాటిన తరువాత గాని గాలివాటున పడవు. ఇది రెండవ వడపోత. మిశ్రమ అణువు సామాన్య అణువు కంటె సుమారు 2.5 శాతము మెల్లగాను, బరువు ఆమ్లజని గల అణువు సుమారు 2.8 శాతము మెల్లగాను ఈ పొరలో వ్యాపించును. ఇక్కడ రెండింటికీ భేదము దాదాపు సమానమే. మొదటి వడపోతలో మాత్రము ఉదజనిది ఆమ్లజని కంటె ఎనిమిది రెట్లు ఎక్కువ. కాబట్టి మిగిలిన నీటిలో ఈ రెండు సమస్థానీయములును ఏ నిష్పత్తిలో పెరిగినవో కొలిస్తే, ఆ నీరు పొడిగాలిలో ఆవిరియైనదో లేదో చెప్పవచ్చును. 1965లో ఇటలీలోని స్పొలెటో పట్టణములో జరిగిన సభలో హార్మన్ క్రెయిగ్, లూయీ గోర్డన్‌లు ఈ రెండు వడపోతలను, గాలిలోని తేమను కలిపి ఒక సూత్రముగా కూర్చినారు. నేటికీ చెరువుల బాష్పీభవనమును గూర్చిన లెక్కలకు అదియే పునాది.

పైపొరలోని అణువుల వరుసను ప్రత్యక్షముగా చూచుటకు మాత్రము మరికొంత కాలము పట్టినది. బర్కిలీలో షెన్, ఆయన సహచరులు రెండు లేజరు కిరణములను నీటి పైతలముపై కలిపి, లోపలి నీటి జోలికి పోక పైపొర అణువుల సమాచారము మాత్రమే రాబట్టే పద్ధతిని 1993లో నీటికి ప్రయోగించినారు. పైపొర అణువులలో అయిదవ వంతుకు పైగా ఒక ఉదజనిని ఏ బంధమునూ లేకుండ గాలివైపు చాచి ఉన్నవని తేలినది. మరి మిశ్రమ అణువు పైపొరకు వచ్చినప్పుడు రెండింటిలో ఏది గాలివైపు తిరుగును? 2012లో జర్మనీ దేశమునందలి మైన్జ్ పట్టణములో పనిచేయు నగాతా, బాన్, వారి సహచరులు దీనికి జవాబు చెప్పినారు. సామాన్య ఉదజని గాలివైపును, డ్యుటీరియము నీటివైపును తిరిగి ఉండుటకే మొగ్గు ఎక్కువ. కుదురుగా కూర్చుండే డ్యుటీరియము బంధములోనే నిలిచిపోగా, తేలికది బయటికి తొంగిచూచును. యూరే ఊహించిన వడపోతకు కారణమైన గుణమే ఒక్క అణువు నిలుచుండే తీరులోను కనబడినది.

వానలన్నీ ఒక గీత మీద

పైతలము నుండి లేచిన ఆవిరి మేఘమై తిరిగి వాన అగును. అప్పుడు వడపోత ఎదురు దిశలో జరుగును. బరువు నీరు ముందుగా చినుకై రాలిపోవును. మేఘము ఎంత దూరము పోయి, ఎంత కురిసినదో అంత తేలిక నీరు దానిలో మిగులును. 1961లో క్రెయిగ్ ప్రపంచము నలుమూలల నుండి తెచ్చిన సుమారు 400 వాన, నది, చెరువు నీటి నమూనాలను పరీక్షించినాడు. డ్యుటీరియమును ఒక అక్షముమీదను, బరువు ఆమ్లజనిని మరొక అక్షముమీదను గుర్తించగా వాననీరులన్నీ ఒకే సరళరేఖ మీదికి వచ్చినవి. ఆ రేఖ వాలు 8. ఆవిరి అయిపోవుచున్న చెరువుల నీరు మాత్రము ఈ గీతను విడిచి, 4కూ 6కూ నడుమ వాలు గల వేరు గీతలమీద ప్రక్కకు జరిగినది. రెండవ వడపోత వేసిన ముద్ర అదియే.

ఆ కాలముననే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి దేశదేశముల వాననీటిని నెలనెలా సేకరించే ఏర్పాటు చేసినవి. మన దేశములో ఢిల్లీ, బొంబాయి నగరములు అందులో చేరినవి.

మూడవ ఉదజని అయిన ట్రీషియమునకు మరొక విశేషము ఉన్నది. అది స్థిరమైనది కాదు; 12.3 సంవత్సరములలో సగము క్షయించిపోవును. విశ్వకిరణములు గాలిని తాకుటచే పైవాతావరణములో అది కొద్దిగా పుట్టుచుండునని 1951లో లిబ్బీ, ఆయన సహచరులు చూపినారు. 1952 నుండి జరిగిన ఉదజని బాంబు పరీక్షలు దీనిని ఎన్నో రెట్లు పెంచినవి. 1963లో ఉత్తరార్ధగోళపు వానలలో ట్రీషియము శిఖరమునకు చేరి, వాతావరణములో పరీక్షలను నిషేధించిన ఒప్పందము తరువాత తగ్గుముఖము పట్టినది. మానవజాతిని భయపెట్టిన ఆ పరీక్షల వలన జలశాస్త్రజ్ఞులకు ఒక గడియారము దొరికినది. బావినీటిలో ట్రీషియము అసలే లేకపోతే, అది ఆ పరీక్షలకు పూర్వము కురిసిన పాత వాన అని అర్థము.

రాతినేలలో వాన లెక్క

తెలంగాణములో ఈ గడియారముతో పని ఎక్కువ. ఇక్కడ నేల అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు. గంగామైదానమువలె ఇసుక పొరలు లోతుగా లేవు. శిథిలమైన పైరాయిలోను, దాని క్రింది పగుళ్ళలోను ఇమిడినంత నీరే బావులకు ఆధారము. ఇట్టి చోట ఏటేటా ఎంత వాన నేలలోనికి ఇంకుచున్నదో తెలియకపోతే, ఎంత తోడవచ్చునో తెలియదు.

హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడినది. ఆ సంస్థలో సుఖీజా, ఆయన సహచరులు వేదవతీ పరీవాహకములో వాతావరణపు ట్రీషియము సాయముతో భూగర్భజలమును పరిశీలించినారు. అఠావలే, ఆయన సహచరులు వేరొక పద్ధతి అవలంబించినారు. జర్మనీలో మొదలై, మన దేశములో గోయల్, రామా మొదలగువారు 1973 నాటికి పశ్చిమ ఉత్తరప్రదేశములో ఉపయోగించిన పద్ధతి అది.

అది చూచుటకు తేలికైనది. వానకాలమునకు ముందు, వేళ్ళ పొరకు దిగువగా, సుమారు 60 నుండి 80 సెంటీమీటర్ల లోతున, ట్రీషియము కలిపిన నీరు బహుకొద్దిగా నేలలోనికి ఎక్కించెదరు. వానలు వెలిసిన తరువాత అదే చోట పైనుండి క్రిందికి మట్టిని పొరలుపొరలుగా తీసి, ఏ లోతున ట్రీషియము హెచ్చుగా ఉన్నదో చూచెదరు. వాన నేలలోని పాత తేమను ముందుకు నెట్టుకొనుచు దిగును గనుక, గుర్తు ఎంత లోతు జారినదో, ఆ మేరలో తేమ ఎంతో గుణించగా ఆ ఏటి ఇంకుడు లెక్క వచ్చును. గుర్తు నీటి అణువులోనే ఉన్నది గనుక నీరు పోయిన చోటికే అదియు పోవును. ఉప్పువలె మట్టికి అంటుకొని వెనుకబడునన్న శంక లేదు.

కరీంనగరము వైపు దిగువ మానేరు పరీవాహకములో చేసిన ఇట్టి పరిశోధన 1980లో వెలువడినది. తరువాత దేశములో ముప్పదికి పైగా ప్రాంతములలో దొరికిన ఫలితములను క్రోడీకరించి రంగరాజన్, అఠావలేలు 2000లో దేశమంతటికి వార్షిక ఇంకుడు అంచనా వేసినారు. గ్రానైటు నేలలలో సాధారణముగా కురిసినదానిలో పదవ వంతుకు కొంచెము అటూ ఇటూగా మాత్రమే బావులకు చేరును. మిగిలినదానిలో కొంత పారిపోవును. అధికభాగము పైతలముల నుండియు, ఆకుల నుండియు ఆవిరియై పోవును.

అదే వడపోత, వేరొక అవసరము

తెలంగాణములోనే ఈ వడపోతను వేరొక పనికి వాడుచున్నారు. భద్రాద్రి కొత్తగూడెము జిల్లా మణుగూరు సమీపమున 1991లో పని ప్రారంభించిన భారజల కర్మాగారము గోదావరి నీటి నుండి డ్యుటీరియమును వేరుచేయుచున్నది. ఎత్తైన స్తంభములలో నీటికి, హైడ్రొజన్ సల్ఫైడు వాయువుకు పొత్తు కలిపెదరు. చల్లని స్తంభములో డ్యుటీరియము వాయువును విడిచి నీటిలో చేరును. వేడి స్తంభములో నీటిని విడిచి వాయువులో చేరును. ఇట్లు త్రిప్పిత్రిప్పి కొంతవరకు చిక్కబరచిన తరువాత, తక్కువ పీడనములో బట్టీపట్టి శుద్ధమైన భారజలము చేసెదరు. ఆ చివరి మెట్టులో పని చేయునది చెరువు పైతలముపై జరిగే వడపోతయే. చెరువు అడగకుండ చేయుచున్న పనిని అక్కడ వేలసార్లు పట్టుబట్టి చేయించెదరు.

మహేశ్వరము బావులు చెప్పినది

హైదరాబాదుకు దక్షిణముగా సుమారు 35 కిలోమీటర్ల దూరమున మహేశ్వరము ఉన్నది. అక్కడి సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకమును, భూభౌతిక సంస్థలో 1999లో నెలకొల్పిన భారత–ఫ్రెంచి భూగర్భజల పరిశోధన కేంద్రము చిరకాలము పరిశీలించినది. ఏరు పారని ఆ గ్రానైటు నేలలో వరి పంటకు నీరు బోర్ల నుండి తోడవలసినదే.

నెగ్రెల్, ఆయన సహచరులు ఆ బోర్ల నీటిలోని డ్యుటీరియమును, బరువు ఆమ్లజనిని కొలిచి 2011లో ఫలితములు ప్రకటించినారు. వాన నేరుగా ఇంకితే బావినీరు వానల గీత మీదనే ఉండవలెను. కాని పలుచోట్ల అది గీతను విడిచి, ఆవిరియైన చెరువునీటివలె ప్రక్కకు జరిగినది. భూమి అడుగున ఎండ లేదు, గాలి లేదు. మరి ఆ నీరు ఎక్కడ ఆవిరియైనది?

వరిమళ్ళలో. బోరుతో తోడిన నీరు మడిలో పలుచగా నిలిచి కొంత ఆవిరియైపోవును; మిగిలినది మరల నేలలోనికి దిగి, మరల బోరులోనికి వచ్చును. ఇక్కడ ఒక సూక్ష్మము ఉన్నది. మొక్క వేరు నీటిని త్రాగునప్పుడు బరువు నీరు, తేలిక నీరు అని ఎంచదు. ఉన్నది ఉన్నట్లు పీల్చుకొనును. ఎంచేది నీటి పైతలము మాత్రమే. కనుక గీతను విడిచిన నీరు నిలిచిన నీటి పైతలమును చూచి వచ్చినదని రుజువగుచున్నది.

ఇది ఊరక తెలిసికొనుటకు ముచ్చటైన విషయము మాత్రమే కాదు. నీరు చక్రము తిరిగినప్పుడెల్ల అందులోని లవణములు చిక్కబడును. గ్రానైటు నేలలలో ఫ్లోరైడు కూడ ఉన్నది. మహేశ్వరములో ఇట్టి పునరావృత్తి వలన భూగర్భజలపు గుణము క్రమముగా చెడునని పెరిన్, ఆయన సహచరులు అదే సంవత్సరము హెచ్చరించినారు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు వలన ఎముకలు వంకరపోయిన వారిని ఎరిగిన ప్రాంతమునకు ఈ హెచ్చరిక చిన్నది కాదు. బావిలో నీటిమట్టము నిలకడగా ఉన్నదని సంతోషించుట చాలదు. ఆ నీరు కొత్త వానయా, పాత నీరే మరల వచ్చినదా అని కూడ అడుగవలెను.

కొత్త నగరము అడుగున

మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరుల అడుగున ఉన్నదియు ఆ గ్రానైటే. కాని పైన మడులు లేవు, సిమెంటు ఉన్నది. వాన ఇంకే చోటు తగ్గినది. దానికి బదులు వేరొక నీరు వచ్చి చేరినది. నగరమునకు 1965 నుండి మంజీరా, 2004 నుండి కృష్ణ, 2015 నుండి గోదావరి నీరు గొట్టములలో వచ్చుచున్నవి. వాడిన తరువాత అవి మురుగుకాలువలలోనికి, చెరువులలోనికి పోవుచున్నవి. దారిలో కారిన నీరు నేలలోనికి దిగుచున్నది.

ఈ నీరులన్నింటికీ వేరువేరు గుర్తులు ఉండును. స్థానికముగా కురిసిన వాన గీత మీద ఉండును. పెద్ద జలాశయములలో ఎండకు నిలిచి వచ్చిన నదీజలము గీతకు ప్రక్కగా ఉండును. కార్యాలయ భవనముల పైకప్పులమీద యంత్రములను చల్లబరచే గోపురములలో నీరు పలుమారులు ఆవిరియై ఇంకను బరువెక్కును. బోరునీటిలోని డ్యుటీరియము, ఆమ్లజనుల పాళ్ళను కాలానుగుణముగా కొలుచుచు వచ్చితే, దానిలో వాన పాలు ఎంత, గొట్టపు నీటి పాలు ఎంత అని వేరుచేయవచ్చును. గొట్టపు నీటి కారుడు మీద నిలిచిన బోరుకు, ఇంకుడుగుంతల వాన మీద నిలిచిన బోరుకు వేసవిలో జరిగేది ఒకటి కాదు. మొదటిదానికి మురుగు సోకు ప్రమాదము కూడ ఉన్నది. పైకి రెండింటి నీరూ తేటగానే కనబడవచ్చును.

పూర్వము చెరువులు త్రవ్వించిన వారు ఎండ ఎంత నీరు త్రాగునో అనుభవముచేత ఎరిగి, ఆ మేరకు లోతు ఉంచి కట్ట వేసినారు. ఆ అనుభవమునకు నేడు కొలత తోడైనది. ఒక సీసా నీరు చాలు. అది ఏ వాన, ఎక్కడ నిలిచినది, ఎంత ఆవిరియైనది అని చెప్పగల పరికరములు దేశములో ఉన్నవి. రాతినేల మీద కట్టిన నగరములలో బోరు వేయుటకు ముందు ఎంత లోతున నీరు పడునో అని అడుగుట అలవాటు. ఆ నీరు ఎక్కడి నుండి వచ్చినదని అడుగుట కూడ అంత అలవాటు కావలెను.